చవక సెల్లుఫోను: ఎన్నాళ్లు మన్నును? బాగుచేయించుట ఎట్లు?

2025–26 పత్తి సీజనులో మద్దతు ధరకు సరుకు అమ్మదలచిన రైతు కాటా వద్దకు పోవుటకు ముందు సెల్లుఫోను తెరువవలసి వచ్చినది. భారత పత్తి సంస్థవారు 2025 సెప్టెంబరు 1వ తేదీ నుండి ‘కపాస్ కిసాన్’ అను యాప్‌లో రైతుల నమోదును ఆరంభించినారు. ఆధార్‌తో పేరు నమోదు చేసికొనుట, సరుకు తెచ్చు రోజును ముందుగా ఎంచుకొనుట, రెండును దానిలోనే జరుగవలెను. ఆ సంవత్సరపు మద్దతు ధర మధ్యరకం పింజకు క్వింటాలు 1కి 7,710 రూపాయలు, పొడవు పింజకు 8,110 రూపాయలు. బయట వ్యాపారి ఇచ్చు ధరకును దీనికిని ఎంత తేడా ఉన్నదో ఆదోని యార్డుకు బండి తోలిన ప్రతి రైతుకును తెలియును. ఆ తేడా చేతికి వచ్చుట, రాకపోవుట జేబులోని సెల్లు పనిచేయుటపై ఆధారపడి యున్నది.

పత్తి ఒక్కటే కాదు. పి.ఎం. కిసాన్ ఇ–కె.వై.సి.కి, బ్యాంకు లావాదేవీలకు, రైతు సేవా కేంద్రములో పంట నమోదు ధ్రువీకరణకు ఓ.టి.పి. అంకెలు సెల్లుకే వచ్చును. 2025 జనవరి 30 నుండి ప్రభుత్వ సేవలు ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్‌లో కూడ లభించుచున్నవి. మట్టిపని చేసి అరిగిన వ్రేళ్లకు వేలిముద్ర సరిగా పడదు గనుక మన రైతుకు ఓ.టి.పి. మరింత అవసరము. ఇట్లు చూచినచో సెల్లుఫోను నేడు నాగలి, మోటారు, స్ప్రేయరులవలె ఒక వ్యవసాయ పరికరమే. అయినను నాగలికి కర్రు వేయించుట, మోటారుకు చుట్టు కట్టించుట తెలిసిన రైతు సెల్లు ఆగినచో అప్పు తెచ్చి క్రొత్తది కొనుచున్నాడు. అందుచేత ఈ వ్యాసము వ్రాయవలసి వచ్చినది.

గడచిన అక్టోబరులో కోసిగి వైపు ఒక గ్రామములో జరిగిన సంగతి చెప్పెదను. తెల్లవారుజామున పత్తి తీసి వచ్చిన ఒక పెద్దాయన రైతు సేవా కేంద్రమునకు సెల్లు పట్టుకొని వచ్చినాడు. “సారూ, సెల్లు సచ్చిపాయ. రెండు దినాలాయ చార్జింగు ఎక్కదు. ఓ.టి.పి. లేకుంటే పత్తి యాడ అమ్మేది?” అని అడిగినాడు. ఆదోనిలో క్రొత్త సెల్లు కొనుటకు నూటికి మూడు రూపాయల వడ్డీతో ఎనిమిది వేలు అడిగి ఉంచినాడట. నేను సెల్లును వెలుతురులో పెట్టి క్రింది రంధ్రము చూచితిని. లోపల తెల్లగా ఏదో బిగిసి యున్నది. “పెద్దాయనా, ఒక చీపురు పుల్ల తెప్పించు” అంటిని. పుల్ల చివరను సన్నగా చెక్కి మెల్లగా లాగినచో కందిగింజంత పత్తి ఉండ బయటకు వచ్చినది. పత్తి తీయునప్పుడు చొక్కా జేబులో పెట్టుకొనిన సెల్లులోనికి పింజ దూరి, చార్జరు పిన్నును లోనికి పోనీయలేదు. పది నిమిషములలో సెల్లు వెలిగినది. ఎనిమిది వేల అప్పు తప్పినది.

అన్ని రోగములును ఇంత సులభముగా కుదరవు. కాని రైతులు పారవేయుచున్న సెల్లులలో చాలవరకు చచ్చినవి కావని, చిన్న జబ్బు చేసినవని నా అభిప్రాయము.

బ్యాటరీ సంగతి

సెల్లులో మొదట ముసలిదగు భాగము బ్యాటరీ. దీనిలో లిథియం అయాను ఘటము ఉండును. వాడినను వాడకున్నను దీని బలము కొద్దికొద్దిగా తగ్గుచునే యుండును. ఒకేసారియైనను, విడతలుగానైనను మొత్తము నూరు శాతము ఖర్చు చేసి నింపుటను ఒక ఆవృత్తి అందురు. సాధారణముగా 500 ఆవృత్తుల తరువాత బ్యాటరీ తన మొదటి శక్తిలో 80 శాతమునకు దిగును. దినమునకొకసారి నింపువానికి ఇది సుమారు ఒకటిన్నర సంవత్సరము. సెల్లు రెండవ యేట సాయంత్రమునకే ఆరిపోవుటకు కారణము ఇదే గాని సెల్లు పాడగుట కాదు. బ్యాటరీ మార్చినచో మరల పూర్వమువలె పనిచేయును.

ఈ ముసలితనమును త్వరపెట్టునవి రెండు: వేడిమి, ఎల్లప్పుడు నూరు శాతము నిండి యుండుట. రెండును కలిసినచో మరింత చెరుపు. సెల్లు తయారుచేయువారు చాలమంది తమ సరుకును 35 డిగ్రీల సెంటిగ్రేడు లోపల వాడుమని చెప్పుదురు. మన ఆదోని, ఎమ్మిగనూరులలో వేసవిలో నీడలోనే 40 డిగ్రీలు దాటును. ట్రాక్టరు బానెట్టుపై, మోటారు సైకిలు ముందు భాగమున, రేకుల షెడ్డులోని స్టార్టరు పెట్టెపై పెట్టిన సెల్లు వేడి ఎంత యుండునో మీరే ఊహింపవచ్చును. దీనిలో నా తప్పును కూడ ఒప్పుకొనవలెను. రెండేండ్ల క్రిందట దారి చూచుకొనుటకు నా సెల్లును మే నెలలో మోటారు సైకిలుకు బిగించి, చార్జింగు వైరు కూడ తగిలించి మండలమంతయు తిరిగితిని. వేసవి ముగియులోగా బ్యాటరీ ఉబ్బి వెనుక మూత లేచినది. రైతులకు ఎండ జాగ్రత్తలు చెప్పు నేనే ఇట్లు చేసితినని ఇంటిలో ఇప్పటికిని నవ్వుదురు.

కావున మధ్యాహ్నపు ఎండవేళ చార్జింగు పెట్టరాదు. ఉదయముగాని, రాత్రి చల్లబడిన తరువాతగాని పెట్టుడు. చార్జింగులో నుండగా సెల్లును దిండు క్రింద, దుప్పటిలో ఉంచరాదు. రాత్రంతయు పెట్టినచో ‘ఓవర్ చార్జి’ అయి పేలునని కొందరు భయపడుదురు. నిండగానే సెల్లే కరెంటు తీసికొనుట ఆపును గనుక ఆ భయము అక్కరలేదు. కాని నిండుగా, వెచ్చగా రాత్రంతయు ఉండుటచే బ్యాటరీ ఆయువు తగ్గును. 20కిని 80కిని మధ్య ఉంచుట మేలు. ఇప్పటి సెల్లులు అనేకములలో సెట్టింగులలో 80 శాతము వద్ద ఆపు ఏర్పాటు కలదు. పిల్లలచే పెట్టించుకొనుడు. పూర్తిగా సున్నాకు దిగి ఆరువరకు వాడుట కూడ మంచిది కాదు.

వెనుక మూత లేచినను, తెర ఒక ప్రక్క పొంగినను అది బ్యాటరీ ఉబ్బుట. ఆ సెల్లును వెంటనే ఆపి, చార్జింగు పెట్టక, మార్పించవలెను. మూతను నొక్కి రబ్బరు బ్యాండు వేయు రైతులను చూచితిని. ఇది ప్రమాదము. ఉబ్బిన ఘటమునకు సూది తగిలినను, అది వంగినను మంట లేచును. పిల్లల చేతికి ఈయరాదు. పొయ్యిలోగాని ఎరువు గుంటలోగాని వేయరాదు.

చార్జరు విషయములో ఒక మాట. ఎక్కువ వాట్ల చార్జరు పెట్టినచో సెల్లు కాలునని అనుకొందురు. మంచి టైప్–సి చార్జరు ఎంత పెద్దదైనను సెల్లు తనకు కావలసినంతే తీసికొనును. భయపడవలసినది సంతలో నూరు రూపాయలకు అమ్ము ముద్రలేని చార్జరుకు. దానిలో 230 వోల్టుల వైపునకును 5 వోల్టుల వైపునకును మధ్య తగినంత ఎడము ఉండదు. చార్జరుపై భారత ప్రమాణముల సంస్థ ముద్ర, ‘ఆర్’ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్య ఉన్నవో లేదో చూడుడు. పల్లెలో కరెంటు పోయి వచ్చునప్పుడును, ఉరుములప్పుడును ప్లగ్గు తీసివేయుట మంచిది.

పత్తి, దారము, మందు

మన ప్రాంతపు సెల్లుకు మూడు ప్రత్యేక శత్రువులు కలవు. మొదటిది పింజ. దీనిని గురించి పైన చెప్పితిని. పత్తి తీయువారికే కాదు, ఆదోని జిన్నింగు మిల్లులలో పనివారికి, ఎమ్మిగనూరులో మగ్గముపై కూర్చుండు నేతగాండ్రకు కూడ ఇది తప్పదు. నూలు పొట్టు, గంజి పొడి చార్జింగు రంధ్రములోను, స్పీకరు జాలిలోను చేరును. వేరుశనగ నూర్పిడి దుమ్ము కూడ ఇట్టిదే. పని చేయునప్పుడు సెల్లును మూతి ముడిచిన గుడ్డ సంచిలో, రంధ్రము పైకి వచ్చునట్లు ఉంచినచో చాలును. నెలకొకసారి సెల్లు ఆపివేసి పొడి పుల్లతో మెల్లగా శుభ్రము చేయవలెను. పిన్నీసు, సూది వాడరాదు. లోపలి సన్నని రాగి పళ్లు వంగినచో ఊరక పోయెడి జబ్బు ఖర్చుతో కూడిన జబ్బగును.

రెండవది పురుగుమందు. స్ప్రే చేయుచు మధ్యలో ఫోను ఎత్తుట మన రైతులలో మిక్కిలి సాధారణమైపోయినది. ఇ.సి. రకపు మందులలో మందు కరుగుటకు జైలీను వంటి ద్రావకములు కలుపుదురు. ఇవి ప్లాస్టికును, తెరపై పూతను తినివేయును. సెల్లు సంగతి అటుంచుడు. మందు చేతితో పట్టుకొనిన సెల్లు తరువాత చెంపకు ఆనును, సాయంత్రము పసిపిల్ల నోటికి చేరును. స్ప్రే రోజున సెల్లును గట్టున ఉన్నవారికి ఇచ్చి పనిలోనికి దిగుడు. ఎవరైన పిలిచిన, చేతులు సబ్బుతో కడిగిన తరువాత మాటలాడవచ్చును. అప్పటికే అంటినచో కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి, పిదప పొడిగుడ్డతో తుడువవలెను.

మూడవది నీరు. కాలువలో, డ్రిప్పు తొట్టిలో పడిన సెల్లును వెంటనే ఆపివేయుడు. పనిచేయుచున్నదో లేదో చూచుటకు చార్జింగు పెట్టుటయే ఎక్కువ సెల్లులను చంపుచున్నది. తడిలో కరెంటు పారినచో బోర్డుపై రాగి తీగెలు తుప్పుపట్టి తెగును. సిమ్ము ట్రే తీసి, నీడలో గాలి తగులునట్లు ఉంచి, వీలైనంత త్వరలో దుకాణమున విప్పించి ఆరబెట్టించవలెను. బియ్యపు డబ్బాలో పూడ్చుట వలన లాభము లేదు. బియ్యపు పిండి రంధ్రములలోనికి పోవును. ఎండలో పెట్టుట అసలే కూడదు.

దుమ్ము, నీరు తట్టుకొను శక్తిని సెల్లు పెట్టెపై ‘ఐ.పి.’ అను అక్షరముల ప్రక్క రెండంకెలతో తెల్పుదురు. మొదటి అంకె దుమ్మునకు, రెండవది నీటికి. ఐ.పి. 54 అనగా కొంత దుమ్మును, చిందిన నీటిని ఓర్చుకొనును. ఐ.పి. 68 అనగా దుమ్ము పూర్తిగా చొరదు, కొంత లోతు నీటిలో కొంతసేపు మునిగినను ఓర్చును. కాని ఇది క్రొత్త సెల్లు మాట. ఒకసారి మూత విప్పినచో ఆ జిగురు పట్టు పోవును. అదియుగాక, ఐ.పి. అంకె ఎంత గొప్పదైనను నీటి వలన చెడిన సెల్లుకు సాధారణముగా వారంటీ వర్తింపదు.

చవక సెల్లులోని మేలు

ఎక్కువ ధర పెట్టినచో బాగుచేయించుట సులభమని పలువురు అనుకొందురు. సత్యము దీనికి దాదాపు విరుద్ధము. ఖరీదైన సెల్లుకు ముందువెనుకల గాజు, లోపల జిగురు. విప్పుటకు వేడిచేయవలెను, ఆ వేడిలో గాజు పగులవచ్చును. చవక సెల్లుకు వెనుక ప్లాస్టికు మూత కొక్కెములతో పట్టియుండును. పలుచని ప్లాస్టికు రేకుతో చుట్టును తిప్పినచో ఊడివచ్చును. తెర కూడ ఎల్.సి.డి. రకమైనచో అమోలెడ్ తెర కంటె చాల చవకగా దొరకును. అనేక చవక సెల్లులలో చార్జింగు పిన్ను పెద్ద బోర్డుపై కాక, క్రింద ఒక చిన్న బోర్డుపై ఉండును. దానిని మెకానిక్కులు ‘సబ్ బోర్డు’ లేక ‘చార్జింగు బోర్డు’ అందురు. పిన్ను విరిగినచో ఆ ముక్క మార్చిన చాలును, అతుకు పని అక్కరలేదు. కొనకముందు మీ ఊరి మెకానిక్కును ఈ మూడు విషయములే అడుగుడు: మూత ప్లాస్టికా, తెర ఏ రకము, పిన్ను విడి బోర్డుపై ఉన్నదా?

నాలుగవది అతడే చెప్పును: ఆ మోడలు సామాను దొరకునా? ఇది అన్నిటికంటె ముఖ్యము. ఎద్దును కొనువాడు పళ్లు చూచును, నడిపించి చూచును, సుడులు చూచును. సెల్లు కొనువాడు పెట్టెపై కెమెరా బొమ్మ చూచి కొనుచున్నాడు. కంపెనీలు ఏటేట పదుల మోడళ్లు విడుదల చేయుచుండుటచే, కొద్దిగా అమ్ముడుపోయిన మోడలు తెర రెండేండ్లకు బజారులో కనబడదు. మన ఆదోని, ఎమ్మిగనూరులలో ఎక్కువమంది వాడుచున్న మోడలు కొనుటయే తెలివి. పాత సెల్లు నుండి తీసిన సామానైనను దొరకును. కంపెనీ సర్వీసు సెంటరు ఎక్కడ ఉన్నదో కూడ అడుగవలెను. ఆదోని నుండి కర్నూలుకు సుమారు నూరు కిలోమీటర్లు. రెండుసార్లు పోయి వచ్చు బస్సు చార్జీ, పోయిన కూలి కలిపి చూచినచో చిన్న మరమ్మతు ఖర్చు అక్కడనే తేలును.

తెర మార్పించునప్పుడు దుకాణములో ‘ఫోల్డరు’ లేక ‘కాంబో’ అని వినబడును. పై గాజు, టచ్చు, లోపలి తెర మూడును కలిసిన ముక్క అది. ఒరిజినల్, కాపీ అని రెండు ధరలు చెప్పుదురు. కాపీలో వెలుతురు తక్కువ. దుకాణములోని దీపము క్రింద తేడా తెలియదు, చేనిలో ఎండకు పట్టుకొనిన తెలియును. కాబట్టి డబ్బు ఇచ్చుటకు ముందు బయటకు వచ్చి ఎండలో తెర చూడుడు. మూల మూలలందు వ్రేలు రాచి టచ్చు చూడుడు. ఒకరికి ఫోను చేసి మాట వినబడుచున్నదో, చెవి వద్ద పెట్టగానే తెర ఆరుచున్నదో చూడుడు. పాత ముక్కను అడిగి తీసికొనుడు.

బాగుకానిది ఏది?

ఇంతవరకు చెప్పినవి చేతితో మార్చగల భాగములు. మార్చలేనివి రెండు: మెమరీ, సాఫ్ట్‌వేరు. చవక సెల్లు నిజముగా ముసలిదగుట ఈ రెండింటి వలననే.

మెమరీ బోర్డుపై అతికించియుండును. చవక సెల్లులలో వాడు ఇ.ఎం.ఎం.సి. రకపు మెమరీ నెమ్మదిది. వ్రాసి చెరుపుట వలన అరుగునది కూడ. గొంతువరకు నిండినచో సెల్లు ముందుకు కదలదు. యాప్ తెరచిన అర నిమిషమునకు తెరచుకొనును. మన సెల్లులను నింపుచున్నది ఏమిటని చూచినచో వాట్సాప్ గుంపులలో వచ్చు శుభోదయపు బొమ్మలు, వీడియోలు. వాట్సాప్‌లో ఫోటోలు తమంతట తాము దిగుటను ఆపుచేయించి, పదింట ఒక వంతైనను ఖాళీ ఉంచవలెను. 32 జి.బి. సెల్లు ఇప్పుడు కొనకుండుటే మంచిదని నా సలహా. 64 కనీసము, 128 మేలు. ర్యామ్ 4 జి.బి.కి తగ్గరాదు. పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, భీమా రసీదుల ఫోటోలు సెల్లులో మాత్రమే ఉంచుకొనిన రైతు బోర్డు పోయిన దినమున అన్నిటిని పోగొట్టుకొనును. వాటి నకళ్లు కాగితముపై కూడ ఉండవలెను.

సాఫ్ట్‌వేరు సంగతి మోటారుతో పోల్చిన తెలియదు, విత్తనముతో పోల్చవచ్చును. పాత రకమునకు క్రొత్త తెగులు వచ్చినప్పుడు తట్టుకొను గుణము లేకపోయినట్లే, అప్‌డేట్లు ఆగిన సెల్లు క్రొత్త మోసములకు లోబడును. కొంతకాలమునకు యాప్‌లు కూడ దానిలో ఎక్కవు. ఉదాహరణకు 2025 జనవరి నుండి ఆండ్రాయిడ్ 4.4 గల సెల్లులలో వాట్సాప్ ఆగిపోయినది. ఆ సెల్లుల తెర, బ్యాటరీ చక్కగానే ఉండవచ్చును. కాని పనికి రావు. కొనునప్పుడు “దీనికి ఎన్నేండ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చును?” అని అడిగి, కంపెనీ ప్రకటనలో చూపుమనుడు. కొన్ని చవక మోడళ్లకు రెండేండ్లే. శాంసంగ్ వారు 2024లో విడుదల చేసిన గెలాక్సీ ఏ16 మోడలుకు ఆరేండ్ల అప్‌డేట్లు ప్రకటించినారు. ఈ తేడా ధర చీటీపై కనబడదు.

లెక్క వేసి చూడుడు. 6,500 రూపాయల సెల్లు 26 నెలలలో పనికిరాకపోయినచో నెలకు 250 రూపాయలు పడినది. 11,000 పెట్టి కొని, మధ్యలో 1,000 పెట్టి బ్యాటరీ మార్చి, 60 నెలలు వాడినచో నెలకు 200 రూపాయలే. అప్పు తెచ్చిన సొమ్మైనచో వడ్డీ కూడ కలుపవలెను. ఈ లెక్కలో 60 నెలలు అప్‌డేట్లు వచ్చుట ముఖ్యము. అది లేనిచో లెక్క తప్పును.

మరమ్మతు ఖర్చు సెల్లు ఇప్పటి విలువలో సగము దాటినను, అప్‌డేట్లు ఆగి ఏడాది గడిచినను మరమ్మతు మానుట మేలని నేను అనుకొందును. బోర్డుపై ఐ.సి. పోయినదని చెప్పినచో ఇంకొక దుకాణములో కూడ అడిగి చూడుడు.

దుకాణమునకు ఇచ్చునప్పుడు

మెకానిక్కులలో అత్యధికులు కష్టజీవులు, చేతిపని తెలిసినవారు. అయినను మీ సెల్లులో మీ బ్యాంకు ఉన్నది. సిమ్ము, మెమరీ కార్డు తీసికొని సెల్లు ఇవ్వుడు. యు.పి.ఐ. పిన్ను ఎవరు అడిగినను చెప్పరాదు. తెర మార్చుటకుగాని, బ్యాటరీ మార్చుటకుగాని అది అక్కరలేదు. ‘సాఫ్ట్‌వేరు వేయవలెను’ అన్నచో లోపలివన్నియు తుడిచిపోవునని గుర్తించి ముందే నకలు తీయించుకొనవలెను.

ప్రతి సెల్లుకు 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ఉండును. నక్షత్రము, హాషు, సున్నా, ఆరు, హాషు నొక్కినచో తెరపై కనబడును. దానిని బిల్లుపై, ఇంటి పుస్తకములో వ్రాసి ఉంచుడు. సెల్లు పోయినచో పోలీసువారికి ఫిర్యాదు చేసి, కేంద్ర ప్రభుత్వపు ‘సంచార్ సాథీ’ ద్వారా ఆ సంఖ్యతో సెల్లును ఎవరును వాడకుండ ఆపివేయవచ్చును. ఈ సదుపాయము 2023 మే నుండి దేశమంతట కలదు.

వాడిన సెల్లు కొనువారికి కూడ ఇదే సంఖ్య ఉపయోగము. కె.వై.ఎం. అను మూడు ఇంగ్లీషు అక్షరములు, ఖాళీ, ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య వ్రాసి 14422కు సందేశము పంపినచో ఆ సెల్లు సంగతి తెలియును. ఇంకొక చిక్కు కలదు. వాయిదాలపై కొన్న కొన్ని సెల్లులలో కిస్తు కట్టనిచో తెర తాళము పడు ఏర్పాటు ఉండును. అమ్మువాడు చేతులు దులుపుకొనును, తాళము మీకు పడును. అమ్మువాని ఎదుటనే పాత గూగుల్ ఖాతా తీసివేయించి, సెల్లును మొదటినుండి తెరిపించి, మీ ఖాతా పెట్టుకొనిన తరువాతనే డబ్బు ఇవ్వవలెను.

చట్టము, బయటి దేశములు

ఐరోపా సమాఖ్య దేశములలో 2025 జూన్ 20 నుండి అమ్ము క్రొత్త మోడళ్లకు కఠినమైన నియమములు వచ్చినవి. బ్యాటరీ 800 ఆవృత్తుల తరువాత కూడ 80 శాతము శక్తి కలిగి యుండవలెను. ఆ మోడలు అమ్మకము ఆగిన తరువాత 7 సంవత్సరములు ముఖ్యమైన విడిభాగములు దొరకవలెను. సాఫ్ట్‌వేరు అప్‌డేట్లు కనీసము 5 సంవత్సరములు ఇవ్వవలెను. నెదర్లాండ్సులో 2013లో స్థాపించిన ఫెయిర్‌ఫోన్ అను కంపెనీవారు వాడువాడే బ్యాటరీ మార్చుకొనగల సెల్లులు చేయుచున్నారు. అనగా పని చేతగానిది కాదు, చేయవలెనను సంకల్పము కావలెను.

మన దేశములో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు 2022 డిసెంబరు 24న ‘మరమ్మతు హక్కు’ పోర్టలును ఆరంభించినారు. మొబైలు ఫోనుల వంటి వస్తువులు ఎంత సులభముగా బాగుపడునో సూచించు ఒక సూచిక నిర్ణయించుటకు 2024లో ఒక కమిటీని వేయగా, అది 2025 మేలో నివేదిక సమర్పించినది. కంపెనీలు తమ సెల్లులకు తామే మార్కులు ప్రకటించి, అమ్ము చోట కొనువారికి కనబడునట్లు పెట్టవలెనని అందులో సూచించినారు. విత్తన సంచిపై మొలక శాతము వ్రాసినట్లన్నమాట.

వారంటీ సెల్లుకు సాధారణముగా ఒక సంవత్సరము. చార్జరు వంటి వాటికి ఆరు నెలలు. బిల్లు లేనిచో అదియు లేదు. వారంటీలో ఉన్న సెల్లును తిప్పి పంపినచో, లోపము వ్రాతపూర్వకముగా తీసికొని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చును. గ్రామ సచివాలయపు ఉద్యోగులు, వ్యవసాయ సహాయకులు ఈ నంబరును గోడపై వ్రాయించినచో రైతులకు మేలు చేసినవారగుదురు.

రెండవ సెల్లు

చివరగా ఒక ఏర్పాటు. ఆధార్‌కు, బ్యాంకుకు కలిపిన సిమ్మును చిన్న కీపాడు ఫోనులో ఉంచి, స్మార్టుఫోనులో వేరొక సిమ్ము వాడుట కొన్ని గ్రామములలో చూచితిని. ఓ.టి.పి. సందేశము కీపాడు ఫోనుకు వచ్చును. స్మార్టుఫోను చెడినను రైతు సేవా కేంద్రములో ఇంకొకరి సెల్లుతో నమోదు నడచును. కీపాడు ఫోను బ్యాటరీ చేతితోనే మార్చవచ్చును, మూడు నాలుగు దినములు వచ్చును. యు.పి.ఐ. యాప్‌లకు మాత్రము బ్యాంకు సిమ్ము అదే సెల్లులో ఉండవలెను గనుక, సెల్లులో డబ్బు పంపు అలవాటున్నవారికి ఇది కుదరదు. జియో సిమ్ము 4జి కీపాడు ఫోనులోనే పనిచేయును, పాత 2జి ఫోనులో పనిచేయదు.

సుగ్గికి గుంటూరు మిరప కోతలకు, బెంగుళూరు పనులకు పోవు కుటుంబములు ఈ విషయమును బయలుదేరక ముందే ఆలోచింపవలెను. ఇంటివద్ద ముసలివారి చేతిలో ఆధార్ సిమ్ము, యజమాని ఊరుగాని ఊరిలో, ఇటు ఓ.టి.పి. చదువలేక, అటు ఫోను కలియక ఇ–కె.వై.సి. ఆగిపోయినవారు మా కేంద్రమునకు వచ్చుచునే యున్నారు. ఎవరి సిమ్ము ఎవరి వద్ద ఉండవలెనో, రీచార్జి ఎప్పుడు అయిపోవునో బయలుదేరక ముందే గోడ క్యాలెండరుపై వ్రాసి పోవలెను. సంచిలో ఒక మంచి చార్జరు, వైరు, పుల్ల ఉంచుకొనుడు. కోసిగి పెద్దాయన ఇప్పుడు ఆ పుల్లను చొక్కా జేబులోనే పెట్టుకొని తిరుగుచున్నాడు. సెల్లును మాత్రము గుడ్డ సంచిలో.